పెద్ద కొడుకే వారసుడా? జపాన్ డైమ్యోల ఇళ్లలో వారసత్వం ఎలా నడిచింది

మీరు నాలుగు విషయాలు అడిగారు. డైమ్యో (జపాన్‌లో సంస్థానాన్ని ఏలే సామంత ప్రభువు) చనిపోతే సంస్థానం పెద్ద కొడుక్కే వచ్చేదా? అన్నదమ్ములు పంచుకునేవారా? కొడుకులు లేకపోతే ఏమయ్యేది? ఏ వంశవృక్షం చూసినా అంతమంది దత్తపుత్రులు ఎందుకు కనిపిస్తారు? ఈ విషయం మీద చాలాకాలంగా చదువుతున్నాను, ఇష్టంగా కూడా చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడవుగానే రాస్తాను.

ముందు చిన్న జవాబు. ఏ శతాబ్దం గురించి అడుగుతున్నారో దాన్నిబట్టి సమాధానం మారుతుంది. 13వ శతాబ్దంలో పంచుకున్నారు, కూతుళ్లకు కూడా ఇచ్చారు. 15, 16 శతాబ్దాల్లో మొత్తం ఒక్కడికే వచ్చేది, కానీ ఆ ఒక్కడు ఎవరన్నది చాలాసార్లు కత్తితో తేలింది. 17వ శతాబ్దం నుంచి షోగున్ (దేశాన్ని నడిపే సైనిక పాలకుడు) ప్రభుత్వం దగ్గర ముందుగా పేరు నమోదైనవాడే వారసుడు. చివరి రెండు కాలాల్లోనూ మారనిది ఒకటుంది. పై నుంచి ప్రభువు, కింద నుంచి కొలువు పెద్దలు ఒప్పుకోకపోతే తండ్రి మాట ఒక్కటే సరిపోయేది కాదు.

13వ శతాబ్దపు కామకురా కాలంతో మొదలుపెడతాను. 1232లో హోజో యాసుతోకి హయాంలో 51 అంశాలతో ఒక శాసనం వచ్చింది, గోసైబై షికిమోకు అంటారు. అందులో వారసత్వం గురించి చదివితే ఆశ్చర్యం వేస్తుంది. తండ్రి కొడుక్కి భూమి రాసిచ్చి, దానికి షోగున్ ప్రభుత్వం ముద్ర పడ్డాక కూడా, మనసు మారితే వెనక్కి తీసుకుని ఇంకో బిడ్డకు ఇవ్వొచ్చు. కూతురికి ఇచ్చిన భూమికీ ఇదే నియమం. పిల్లల్లేని స్త్రీ ఎవరినైనా దత్తత తీసుకుని తన భూమి వాళ్లకు ఇవ్వొచ్చు. అంటే అప్పటి సమురాయి (యోధుడి) ఇంట్లో తల్లిదండ్రుల అధికారం చాలా గట్టిది. భూమి పిల్లలందరికీ వాటాలుగా వెళ్లేది. వాళ్లలో ఒకడు ఇంటికి పెద్దగా ఉండి, యుద్ధానికి పిలుపు వస్తే తమ్ముళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాడు, షోగున్‌కు కట్టాల్సినవి అందరి దగ్గరా వసూలు చేసి కట్టేవాడు.

కొత్త భూములు దొరుకుతున్నంతకాలం ఈ పద్ధతికి ఇబ్బంది రాలేదు. తరవాత మంగోలులు 1274లో ఒకసారి, 1281లో ఒకసారి దండెత్తి వచ్చారు. వాళ్లను తిప్పికొట్టారు గానీ, అది బయటివాళ్లతో యుద్ధం కావడంతో గెలిచినా పంచిపెట్టడానికి కొత్త భూమి రాలేదు. పోరాడినవాళ్లకు ఖర్చు మిగిలింది. ఉన్న భూమిని తరం తరానికీ ముక్కలు చేస్తూ పోతే గుర్రాన్ని, కవచాన్ని కూడా భరించలేని స్థితి వచ్చింది. ముందుగా నష్టపోయింది కూతుళ్లు. వాళ్ల వాటా బతికున్నంతవరకే, ఆ తరవాత మళ్లీ ఇంటి పెద్దకే చేరాలి అన్న షరతు మామూలైపోయింది. తరవాత తమ్ముళ్ల వాటాలు పోయాయి. 14వ శతాబ్దం నడిచేకొద్దీ మొత్తం ఒక్కడికే ఇవ్వడం స్థిరపడింది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఒక్కడికే ఇవ్వడం వేరు, పెద్ద కొడుక్కే ఇవ్వడం వేరు. పట్టపు భార్యకు పుట్టిన కొడుక్కి మొగ్గు ఉండేది, పెద్దవాడికీ మొగ్గు ఉండేది, కానీ చివరికి ఎన్నుకునేది తండ్రే. వాటాలు ఉన్న రోజుల్లో ఓడిపోయినవాడికి కూడా బతకడానికి కొంత మిగిలేది. ఇప్పుడు గెలిచినవాడికి అంతా, మిగిలినవాళ్లకు ఏమీ లేదు. ఆ టెన్షన్ అంతా ఒకే ఒక్క నిర్ణయం మీద పడింది. నా అభిప్రాయంలో ఆ తరవాతి రెండు వందల ఏళ్ల రక్తపాతానికి మూలాల్లో ఇది ముఖ్యమైనది.

షోగున్ పదవికే ఈ చిక్కు తప్పలేదు. 1428లో అషికాగా యోషిమోచి వారసుడి పేరు చెప్పకుండానే కన్నుమూశాడు. అతని నలుగురు తమ్ముళ్లూ సన్యాసులు. ఇవాషిమిజు హాచిమాన్ దేవుడి ముందు చీటీలు వేసి యోషినోరిని ఎంచుకున్నారు. అతను పెద్ద పెద్ద సామంతుల ఇళ్లలో వారసుడెవరో తనే తేల్చడం మొదలుపెట్టాడు. తమకు నచ్చినవాడిని తీసేసి షోగున్‌కు నచ్చినవాడిని కూర్చోబెడితే ఆ ఇంటి కొలువు రెండుగా చీలుతుంది. తన భూములు కూడా లాగేసుకుంటాడన్న భయంతో అకమాత్సు మిత్సుసుకె 1441లో విందుకు పిలిచి యోషినోరిని చంపించాడు.

ఓనిన్ యుద్ధం (1467–1477) గురించి చదివేవాళ్లు సాధారణంగా షోగున్ యోషిమాసా ఇంటి గొడవతో మొదలుపెడతారు. కొడుకులు లేరని సన్యాసిగా ఉన్న తమ్ముడు యోషిమిని 1464లో సంసారంలోకి రప్పించాడు, మరుసటి ఏడాదే భార్య హినో టొమికోకు యోషిహిసా పుట్టాడు. నిజమే. కానీ మొదటి పోరు జరిగింది షోగున్ పదవి కోసం కాదు, హతకేయమా ఇంటి పెద్దరికం కోసం. హతకేయమా మొచికునికి పట్టపు భార్య వల్ల కొడుకు లేడు, తమ్ముణ్ణి వారసుడన్నాడు. తరవాత ఉపభార్యకు పుట్టిన యోషినారికి ఇవ్వాలనుకున్నాడు. కొలువులో సగం మంది ఒప్పుకోలేదు, ఆ తమ్ముడి కొడుకుల వైపు నిలబడ్డారు. చివరికి ఆ తమ్ముడి కొడుకు మాసనాగా, యోషినారి 1467 మొదట్లో క్యోటోలోని కామిగొర్యో గుడి దగ్గర తలపడ్డారు. షిబా వారి ఇంట్లోనూ ఇదే తంతు. ప్రతి ఇంట్లో ఇద్దరు వారసులు, ఆ ఇద్దరికీ రాజధానిలో ఇద్దరు పెద్ద దన్నులు, హొసోకావా కాత్సుమోతో ఒకవైపు, యమనా సోజెన్ ఇంకోవైపు. ఆ దన్నులిద్దరూ 1473లో చనిపోయినా యుద్ధం ఆగలేదంటే, దాన్ని నడిపిస్తున్నది ఊరూరా ఉన్న ఇంటి తగాదాలేనని తెలుస్తుంది.

తరవాతి సెంగోకు కాలంలో, అంటే ప్రభువులంతా ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకున్న కాలంలో, ఉదాహరణలకు కొదవ లేదు. ఓడా నోబునాగా తండ్రికి మొదటి కొడుకు కాదు. నోబుహిరో అనే అన్న ఉన్నాడు, ఉపభార్య కొడుకు కావడంతో వరసలోకి రాలేదు. అసలు పోటీ ఒకే తల్లికి పుట్టిన తమ్ముడు నోబుకాత్సుతో వచ్చింది. ఈ తమ్ముడి పేరు నోబుయుకి అని కూడా చూస్తారు. కొలువులో పేరున్న హయాషి సోదరులు, షిబాతా కాత్సుఇయె తమ్ముడి పక్షం చేరారు. 1556లో ఇనో దగ్గర యుద్ధం జరిగింది, నోబునాగా గెలిచాడు, తల్లి బతిమాలితే తమ్ముణ్ణి క్షమించాడు. తమ్ముడు మళ్లీ కుట్రకు దిగాడని తెలిశాక కియోసు కోటకు రప్పించి చంపించాడు. ఆ కాత్సుఇయే తరవాత నోబునాగాకు అగ్రశ్రేణి సేనాని అయ్యాడు. కొలువు పెద్దలు మనిషిని కాకుండా ఇంటిని కొలిచేవారు అని నేనెందుకు అంటానో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంటికి ఎవరు మేలు అనిపిస్తే వాళ్ల వైపు నిలిచారు, ఓడిపోతే గెలిచినవాడి దగ్గర అదే ఇంటికి పని చేశారు.

వారసుడి పేరు చెప్పకుండా పోవడం ఎంత ప్రమాదమో ఉఎసుగి కెన్షిన్ చూపించాడు. అతను పెళ్లి చేసుకోలేదు. అక్క కొడుకు కగెకాత్సునూ, హోజో వారి అబ్బాయి కగెతొరానూ ఇద్దరినీ పెంచుకున్నాడు. 1578లో ఉన్నట్టుండి చనిపోయాడు. కగెకాత్సు వెంటనే కసుగయామా కోటలో ప్రధాన భాగాన్ని, ఖజానాను పట్టుకున్నాడు. ఏడాదికి పైగా పోరు నడిచింది, 1579లో కగెతొరా చనిపోయాడు. ఉఎసుగి ఇల్లు నిలిచింది కానీ కెన్షిన్ నాటి బలం తిరిగి రాలేదు.

దీనికి పూర్తిగా వేరే దారి మోరి మోటోనారిది. రెండో కొడుకును కిక్కావా ఇంటికి, మూడో కొడుకును కొబాయాకావా ఇంటికి దత్తత పంపించాడు. ఆ రెండు ఇళ్లూ మోరి వారికి రెండు రెక్కల్లా పనిచేశాయి. 1557లో ముగ్గురు కొడుకులకూ పొడవైన ఉత్తరం రాశాడు, మోరి అన్న పేరును నిలబెట్టండి, వేరే ఇంటిపేర్లు పెట్టుకున్నా అసలు ఇంటిని మరవకండి అని. చిన్న కొడుకులకు వాటా ఇవ్వకుండా, పక్క ఇళ్లనే వాళ్లకు వాటాగా చూపించాడు. ఆ కాలంలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

ఇదే కొబాయాకావా ఇంటి మీదుగా జపాన్ చరిత్ర మలుపు తిరిగింది. జపాన్‌ను తన చేతికింద ఏకం చేసిన టొయొటోమి హిదెయోషికి చాలాకాలం పిల్లల్లేరు. చిన్న కొడుకు త్సురుమాత్సు 1591లో చనిపోయాక మేనల్లుడు హిదెత్సుగును దత్తత తీసుకుని కంపకు (చక్రవర్తి తరఫున పాలించే) పదవి కూడా అప్పగించాడు. 1593లో హిదెయోరి పుట్టాడు. రెండేళ్లకు హిదెత్సుగు మీద రాజద్రోహం మోపి కోయా కొండ మీద ఆత్మహత్య చేసుకునేలా చేశారు, అతని భార్యలను, పిల్లలను ముప్పై మందికి పైగా క్యోటో నదీతీరాన నరికించారు. పెంచుకున్న వారసుడు ఉండగా సొంత కొడుకు పుడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఘోరమైన సంఘటన లేదు.

హిదెయోషి పెంచుకున్నవాడు ఇంకొకడున్నాడు, భార్య నెనె అన్న కొడుకు హిదెఅకి. సొంత కొడుకు పుట్టాక ఇతన్ని వేరే ఇంటికి పంపాలి. మోరి వారి ప్రధాన శాఖకు అప్పుడు కొడుకులు లేరు, అక్కడికి పంపుతారన్న మాట పుట్టింది. మోటోనారి మూడో కొడుకు కొబాయాకావా తాకకాగె అప్పటికి ముసలివాడు. పరాయి పిల్లవాడు మోరి గద్దె మీద కూర్చోకుండా, తనే ముందుకొచ్చి తన ఇంటికి దత్తత ఇప్పించమని అడిగాడని చెబుతారు. 1594లో హిదెఅకి కొబాయాకావా వారసుడయ్యాడు. 1600లో, దేశంలో అధికారం ఎవరిదో తేల్చిన సెకిగహరా యుద్ధంలో, మాత్సుఒ కొండ మీద సైన్యంతో ఉండి, పోరు మధ్యలో టోకుగావా ఇయెయాసు పక్షానికి తిరిగింది ఇతనే. బహుమానంగా ఒకాయామా వచ్చింది. రెండేళ్లకే, 21వ ఏట, పిల్లల్లేకుండా చనిపోయాడు. ఇయెయాసు దయ చూపలేదు. సెకిగహరాలో గెలుపు ఇచ్చినవాడి ఇల్లే వారసుడు లేడన్న కారణంతో రద్దయిపోయింది.

అక్కడినుంచి ఎదో కాలంలోకి, అంటే టోకుగావా షోగున్లు ఎదో నగరం (ఇప్పటి టోక్యో) నుంచి పాలించిన కాలంలోకి వస్తాం. కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం కొలత. పది వేల కోకులు, ఆపైన ఆదాయం ఉన్నవాడు డైమ్యో. అలాంటివాళ్లు 260 మంది పైచిలుకు ఉండేవారు. కొత్త షోగున్ల పాలనలో భూమి ఏ డైమ్యోకూ సొంతం కాదు. చనిపోగానే అది సిద్ధాంతరీత్యా షోగున్‌కు తిరిగి వెళుతుంది, వారసుడికి మళ్లీ కొత్తగా ఇస్తారు. కాబట్టి వారసుడి పేరు ప్రభుత్వానికి ముందే తెలియజేయాలి, ఆ అబ్బాయి ఎదో కోటకు వెళ్లి షోగున్ దర్శనం చేసుకోవాలి. దర్శనం అయిందంటే సగం పని పూర్తయినట్టే. అలాంటి వారసుడు లేకుండా చనిపోతే సంస్థానం పోతుంది. ప్రాణం పోయే ముందు ఆదరాబాదరాగా దత్తత తీసుకోవడాన్ని మొదట్లో గట్టిగా నిషేధించారు. మొదటి ముగ్గురు షోగున్ల కాలంలో చాలా ఇళ్లు ఈ ఒక్క కారణంతో మాయమయ్యాయి. ఇయెయాసు సొంత కొడుకు, కియోసు ప్రభువు తదాయోషి 1607లో పిల్లల్లేకుండా పోతే అతని ఇంటికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఒక ఇల్లు రద్దయితే ప్రభువు ఒక్కడే కాదు, వందలు వేల సమురాయి కుటుంబాలు వీధిన పడతాయి. వాళ్లే రోనిన్లు. 1651లో షోగున్ ఇయెమిత్సు చనిపోయి పదేళ్ల పిల్లవాడు ఇయెత్సునా గద్దెనెక్కాడు. అదే ఏడాది యుయి షోసెత్సు అనే సైనిక శాస్త్ర గురువు రోనిన్లను కూడగట్టి తిరుగుబాటుకు సిద్ధమయ్యాడు. అది ముందే బయటపడి అణిగిపోయింది గానీ ప్రభుత్వానికి విషయం అర్థమైంది. ఆ ఏడాది చివరికే, 50 ఏళ్ల లోపువాళ్లు మరణశయ్య మీద దత్తత తీసుకోవచ్చని నియమం సడలించారు. మన దేశంలో ఝాన్సీ గంగాధర్ రావు 1853 నవంబరులో చనిపోయే ముందు రోజు దామోదర్ రావును దత్తత తీసుకుంటే, డల్‌హౌసీ ఒప్పుకోక సంస్థానాన్ని కలుపుకున్నాడు. ఆ దారి ఎక్కడికి తీసుకెళుతుందో టోకుగావా వారు రెండు వందల ఏళ్ల ముందే చూసి ఆగిపోయారు.

సడలించాక కూడా ఎంత నాజూగ్గా ఉండేదో ఉఎసుగి వారి ఇంట్లోనే మళ్లీ చూడొచ్చు. సెకిగహరాలో ఓడిన పక్షాన ఉన్నందుకు వాళ్ల 12 లక్షల కోకులు 3 లక్షలకు తగ్గి యోనెజావాలో ఉన్నారు. 1664లో ప్రభువు త్సునాకాత్సు ఇరవైల వయసులో హఠాత్తుగా చనిపోయాడు. కొడుకు లేడు, దత్తపుత్రుడూ లేడు. అతని మామగారు హొషినా మసాయుకి షోగున్‌కు చిన్నాన్న వరస, ప్రభుత్వంలో అందరికన్నా పెద్ద మాట ఆయనది. ఆయన చక్రం తిప్పి, త్సునాకాత్సు చెల్లెలి కొడుకును దత్తపుత్రుడిగా ఒప్పించాడు. ఆ బిడ్డకు అప్పటికి రెండేళ్లు కూడా సరిగా లేవు. ఇల్లు నిలిచింది, కానీ 3 లక్షల కోకుల్లో సగం కోసేశారు. ఆదాయం సగమైనా కొలువులోవాళ్లను ఎవరినీ తీసేయలేదు, ఆ బరువుతో ఆ సంస్థానం తరతరాలు అప్పుల్లో మునిగింది.

ఆ బిడ్డ తండ్రి ఎవరంటే కిరా యోషినాకా. జపాన్‌లో పేరుమోసిన ప్రతీకార కథలో 47 మంది రోనిన్లు ఇంటి మీద పడి తల నరికిన కిరా ఈయనే. తన పెద్ద కొడుకును ఉఎసుగి వారికి ఇచ్చేశాడు కాబట్టి, తరవాత ఆ కొడుకుకు పుట్టిన మనవణ్ణి తిరిగి తనకు దత్తత తెచ్చుకున్నాడు. రోనిన్లు దాడి చేసిన రాత్రి ఆ మనవడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. రెండు ఇళ్ల మధ్య పిల్లలు ఇలా అటూ ఇటూ వెళ్లడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు.

దత్తత ఎందుకంత ఎక్కువ అన్న మీ ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. వారసుడు కొనసాగించాల్సింది రక్తాన్ని కాదు, ఇంటిని. ఇంటిపేరు, వంశచిహ్నం, పూర్వీకుల సమాధుల సేవ, కొలువులోవాళ్ల బతుకు, షోగున్ దగ్గర ఆ ఇంటికి ఉన్న హోదా, ఇవన్నీ కలిపి ఒక మూట. దాన్ని మోయగలిగినవాడు కావాలి. తమ్ముణ్ణి దత్తత తీసుకోవచ్చు, అల్లుణ్ణి తీసుకోవచ్చు, శాఖ ఇంటి నుంచి తీసుకోవచ్చు, దూరపు బంధువుల నుంచీ తీసుకోవచ్చు. మన ఇల్లరికపు అల్లుడు మామగారి పొలం చూసుకున్నా తన ఇంటిపేరు వదులుకోడు. అక్కడి అల్లుడు మామగారి ఇంటిపేరు పెట్టుకుని పూర్తిగా ఆ ఇంటివాడే అవుతాడు. యోనెజావాను అప్పుల నుంచి గట్టెక్కించే పని మొదలుపెట్టిన ఉఎసుగి యోజాన్ (అసలు పేరు హరునోరి) క్యూషూలో తాకనాబె అనే చిన్న సంస్థానం నుంచి వచ్చిన దత్తపుత్రుడు, ప్రభువు కూతుర్ని పెళ్లాడాడు. 1767లో గద్దెనెక్కాడు. 1785లో ఇంకా ముప్పై నాలుగేళ్లకే తప్పుకుని, తనను దత్తత తీసుకున్న ప్రభువు సొంత కొడుక్కి గద్దె ఇచ్చేశాడు. ఇస్తూ మూడు వాక్యాల హితవు రాసిచ్చాడు. సంస్థానం పూర్వీకుల నుంచి వచ్చి సంతతికి వెళ్లేది, సొంతానికి వాడుకునేది కాదు అన్నది అందులో మొదటిది.

నియమాలు గట్టివి, కానీ వాటి చుట్టూ దారులు కూడా అంతే ఉండేవి. వారసుడు లేని డైమ్యో ఎదో నుంచి సొంత ఊరికి బయల్దేరేటప్పుడు, దారిలో ఏమైనా అయితే ఫలానావాడు నా వారసుడు అని రాసి మూసిన కవరు షోగున్ మంత్రులకు ఇచ్చి వెళ్లేవాడు. క్షేమంగా తిరిగొస్తే దాన్ని విప్పకుండానే వెనక్కి ఇచ్చేవారు. మరణశయ్య దత్తత అయితే ప్రభుత్వ అధికారి ఇంటికొచ్చి, ఆ మనిషి బతికే ఉన్నాడనీ దత్తత పత్రం మీద తనే ముద్ర వేస్తున్నాడనీ చూడాలి. కాలం గడిచేకొద్దీ ఇది లాంఛనమైపోయింది. తెర వెనక పడుకున్న మనిషి అప్పటికే చనిపోయినా అధికారి అడిగేవాడు కాదు. చిన్నపిల్లలు చనిపోతారన్న భయంతో పుట్టుకను వెంటనే చెప్పకుండా, గట్టిపడ్డాక వయసు పెంచి నమోదు చేసేవారు. 17 నిండనివాడికి దత్తత తీసుకునే హక్కు లేదు కాబట్టి ఆ పెంచిన వయసు పనికొచ్చేది. అందుకే ఒకే డైమ్యోకు రెండు పుట్టిన సంవత్సరాలు కనిపిస్తే కంగారు పడకండి.

1747లో కుమామోతో ప్రభువు హొసోకావా మునెతాకాను ఎదో కోటలోనే ఇతాకురా కాత్సుకానె అనేవాడు వేరే ఎవరో అనుకుని పొడిచేశాడు. 5 లక్షల 40 వేల కోకుల ఇల్లు, నమోదైన వారసుడు లేడు. అక్కడున్న సెండాయ్ ప్రభువు దాతె మునెమురా "ఇంకా ఊపిరి ఉంది, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడని చెబుతారు. ఆ మాట అడ్డుపెట్టుకుని శవాన్ని బతికున్న మనిషిలా బయటికి తీసుకెళ్లారు, ఈలోగా తమ్ముడు షిగెకాతాను దత్తపుత్రుడిగా రాసిచ్చారు, ఆ తరవాతే మరణవార్త ప్రకటించారు. ఆ షిగెకాతా గొప్ప పాలకుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఒక తోటి ప్రభువు సమయానికి అన్న ఒక్క మాట మీద అన్ని వేల కుటుంబాలు నిలబడ్డాయి. నాకు ఈ సంఘటన అంటే చాలా గౌరవం.

ఇలాంటిదే 1860 మార్చిలో మళ్లీ జరిగింది. షోగున్ ప్రభుత్వంలో అందరికన్నా పై పదవిలో ఉన్న హికోనె ప్రభువు ఇయి నావొసుకెను ఎదో కోట సకురాదా ద్వారం బయట మంచులో నరికి తల తీసుకెళ్లారు. ఊరంతా చూసింది. ప్రభుత్వం మాత్రం గాయపడ్డాడని రాసుకుంది, షోగున్ పరామర్శగా జిన్‌సెంగ్ వేరు పంపాడు. తల తిరిగి తెప్పించి మొండేనికి కుట్టించారు. కొడుకు నావొనోరి పేరు వారసుడిగా ఖాయమయ్యాకే మరణాన్ని ప్రకటించారు. లేకపోతే చట్టప్రకారం ఆ ఇల్లు రద్దు కావాలి, రద్దయితే హికోనె సమురాయిలు ప్రతీకారానికి, నరికినవాళ్లు వచ్చిన ‘మీతో’ అనే సంస్థానం (టోకుగావా వారి ఒక శాఖది) మీద పడతారు.

నావొసుకె జీవితమే వారసత్వానికి ఒక పాఠ్యపుస్తకం. అతను హికోనె ప్రభువుకు పధ్నాలుగో కొడుకు. చిన్న కొడుకులకు వేరే ఇంటికి దత్తత వెళ్లడం ఒక్కటే దారి. 1834లో తమ్ముడితో కలిసి అందుకోసమే ఎదో వెళ్లాడు. తమ్ముణ్ణి నోబెఒకా ప్రభువు ఇల్లు తీసుకుంది, ఇతన్ని ఎవరూ తీసుకోలేదు. వెనక్కి వచ్చి కోట పక్కన చిన్న ఇంట్లో ఏడాదికి 300 బస్తాల బియ్యంతో, టీ శాస్త్రం, కత్తిసాము, కవిత్వం నేర్చుకుంటూ మొత్తం పదిహేనేళ్లు గడిపాడు. 1846లో వారసుడిగా ఉన్న అన్న చనిపోవడంతో ఉన్నట్టుండి వరస ఇతని దాకా వచ్చింది, 1850లో ప్రభువయ్యాడు. 1858లో పిల్లల్లేని షోగున్ ఇయెసాదాకు వారసుడెవరన్న తగాదాలో, రక్తసంబంధం దగ్గరని టోకుగావా వారి కీ శాఖకు చెందిన పిల్లవాడు ఇయెమోచిని నిలబెట్టాడు. సమర్థుడని మరోపక్షం కోరిన యోషినోబు మీతో ప్రభువు కొడుకు. నావొసుకెను నరికినవాళ్లలో ఒక్కడు తప్ప అందరూ మీతో మనుషులే. విదేశీ ఒప్పందాల మీద కోపం, తరవాత జరిగిన అరెస్టులు కూడా కారణాలే, కానీ వారసత్వపు పగను పక్కనపెట్టి ఆ హత్యను వివరించలేం.

పెద్ద కొడుకు సంగతి ఇంకొంచెం చెప్పాలి. షోగున్ ఇంట్లో ఇయెమిత్సును తమ్ముడు తదానాగా కన్నా ముందు నిలిపాక పెద్దవాడికి మొగ్గు పెరిగింది, కానీ అది అందరికీ ఒకేలా వర్తించలేదు. దాతె మాసమునె పెద్ద కొడుకు హిదెమునె ఉపభార్య బిడ్డ. అతనికి ఉవాజిమాలో వేరుగా లక్ష కోకులు వచ్చాయి, సెండాయ్ మాత్రం పట్టపు భార్య కొడుక్కి వెళ్లింది. మీతోలో తమ్ముడు మిత్సుకునికి గద్దె వచ్చింది, అన్న యోరిషిగెకు తాకమాత్సు వచ్చింది. మిత్సుకునికి ఇది మనసులో ముల్లులా ఉండిపోయింది. అన్న కొడుకును దత్తత తీసుకుని తన వారసుణ్ణి చేశాడు, తన సొంత కొడుకును అన్నకు వారసుడిగా పంపాడు. అలా మీతో గద్దె మళ్లీ అన్న సంతతికి చేరింది.

పంపకం ఎదో కాలంలోనూ పూర్తిగా పోలేదు, రూపం మార్చుకుంది. 1639లో కాగా ప్రభువు మయెదా తోషిత్సునె రిటైరవుతూ రెండో కొడుక్కి తొయామాలో లక్ష, మూడో కొడుక్కి దైషోజిలో 70 వేల కోకులు విడగొట్టాడు. ఇది ఒకరకంగా బీమా. అసలు ఇంట్లో కొడుకులు లేకపోతే శాఖ నుంచి తెచ్చుకోవచ్చు. టోకుగావా వారి ఒవారి, కీ, మీతో శాఖలు ఇదే లెక్కలో పుట్టాయి, 1716లో కీ నుంచి యోషిమునె వచ్చి షోగున్ అయ్యాడు.

వారసుడున్నా కొలువు చీలితే ప్రమాదమే. ఎచిగొలోని తాకాదాలో ప్రభువు ఒక్క కొడుకు 1674లో చనిపోయాక వారసుడి ఎంపిక మీద కొలువు రెండు వర్గాలైంది. 1681లో షోగున్ త్సునయోషి స్వయంగా విచారణ చేసి, సంస్థానాన్నే రద్దు చేశాడు. సెండాయ్‌లో పసివాడు ప్రభువుగా ఉన్నప్పుడు పెద్దల తగాదా ముదిరి, 1671లో విచారణ జరుగుతున్న మంత్రి ఇంట్లోనే హరదా కాయి ప్రత్యర్థిని నరికేశాడు. అక్కడ మాత్రం తప్పు పిల్లవాడిది కాదని 6 లక్షల 20 వేల కోకులనూ వదిలేశారు.

స్త్రీల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. కామకురా కాలపు హక్కులు పోయాక కూడా అక్కడక్కడ మినహాయింపులున్నాయి. ఒతొమో వారి సేనాని తచిబానా దోసెత్సుకు కొడుకులు లేరు. 1575లో ఏడేళ్ల కూతురు గిన్‌చియోకు కోటను, ఆయుధాలను పత్రం రాసి అప్పగించాడు, ప్రభువు ఆమోదం కూడా తెచ్చుకున్నాడు. 1581లో ఆమెకు భర్తగా మునెషిగెను ఇల్లరికం తెచ్చారు, అప్పుడు పెద్దరికం అతనికి మారింది. ఎదో చట్టంలో స్త్రీ డైమ్యో కావడానికి చోటు లేదు. కూతురు ఉంటే ఆమె ద్వారా అల్లుణ్ణి తెచ్చుకోవడం వరకే.

మీరు జపనీయుల వంశవృక్షాలు చూస్తున్నారు కాబట్టి ఒక సూచన. తండ్రీకొడుకుల మధ్య రెండు గీతలు ఉంటే అది దత్తత. ఆ గీతలు కనిపించిన చోట దత్తత జరిగిన తేదీని, పాత ప్రభువు చనిపోయిన తేదీని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే నెలలో పడితే, ఆ మరణ తేదీ ప్రకటించినదే గానీ జరిగినది కాకపోవచ్చు. ఆ సంస్థానం స్థానిక చరిత్రలో దాని అసలు కథ వెతకండి.